జరుగుడు గుణకం

తాండూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే జ్యోతిరాణి జీవితంలో రెండు పరిశోధనా పత్రాలు రాసింది. మొదటిదానికి ఏడేళ్లు పట్టింది. నాపరాతి బండలోంచి ఎండవేడి ఎంత నిదానంగా కిందికి దిగుతుందో కొలవడానికి తన ఇంటి వసారాలో బండలు లేపి, కింద థర్మామీటర్లు పెట్టి, మళ్లీ బండలు పరిచి, వాటి మీద అడుగు వేయొద్దని ఇంటిల్లిపాదినీ బతిమాలింది. భర్త బాల్‌రాజ్ మందుల షాపు మూసి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయి రోజూ సరిగ్గా వాటి మీదుగానే నడిచేవాడు. ఆ పత్రాన్ని లోకంలో ముగ్గురు చదివారని ఆమె అనుకునేది. రాసిన తను, దిద్దిన గైడు, అచ్చువేసిన మనిషి. గైడు చదవలేదని తర్వాత తెలిసింది.

రెండోదానికి ఒక వానాకాలం చాలింది. అది పుట్టింది కోపంలోంచి. ఆ ఏడు కాలేజీకి తనిఖీ బృందం వస్తుందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ పాండురంగం సారు సివిక్సు మనిషి. కాగితం మీద రాసి ఉన్న ప్రతి మాటా ఆయనకు శాసనమే. తనిఖీవాళ్లు పంపిన పుస్తకంలో 'అధ్యాపకుల పరిశోధన' అని ఒక శీర్షిక ఉంది, దాని కింద రాసుకోవడానికి కాలేజీ దగ్గర ఏమీ లేదు. స్టాఫ్ మీటింగ్ పెట్టి ఒక్కొక్కరికి ఒక్కో పత్రం పురమాయించారు. దసరాలోపు అచ్చు కావాలన్నారు. నాపరాయి మీద తనది ఒకటుంది కదా సార్ అని జ్యోతిరాణి గుర్తుచేస్తే, అది పాతబడిందమ్మా అన్నారు. రాయి ఎలా పాతబడుతుందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే మొగులప్ప షేర్ ఆటో ఎక్కింది. ఆమె ఇల్లు పెద్దేముల్‌లో. రోజూ రాకపోకలు ఆటోలోనే. వెనక సీటు ముగ్గురి కోసం చేసింది. అందులో అప్పటికే ఐదుగురున్నారు, వాళ్లకు ఎదురుగా అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, మొగులప్పకు అటొకరు ఇటొకరు. ఊరు దాటుతుండగా పప్పు మిల్లు దగ్గర జంగమ్మ చెయ్యెత్తింది. మిల్లులో కూలికి పోయే మనిషి, చంకలో ఒక కోడి ఉంది. మొగులప్ప బ్రేకు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"జర జరుగుండ్రి, ఇంగొక్కలే."

జరగడానికి అక్కడ ఏమీ లేదు. అయినా అందరూ జరిగారు. జంగమ్మ కూర్చుంది. కోడి కూడా కుదురుకుంది.

ఇది జ్యోతిరాణి ఏళ్ల తరబడి చూస్తున్నదే. కానీ పొద్దున మీటింగ్‌లో మాట పడ్డ మనసుకు ఆ రోజు అది అన్యాయంగా తోచింది. మనుషులు చిక్కిపోలేదు, ఆటో సాగలేదు, మరి లేని చోటు ఎక్కడినుంచి వచ్చింది? ఆలోచించగా, అది ఆ 'జర'లోంచి వచ్చిందని తేలింది. ప్రిన్సిపాల్‌కు కావలసింది పత్రమే కదా, ఇదే రాసిస్తానని అక్కడే, ఎవరిదో మోచేయి తన పక్కటెముకల్లో ఉండగా, నిశ్చయించుకుంది.

మర్నాటినుంచి దర్జీల టేపు ఒకటి సంచిలో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మొదట్లో అది వెటకారం కోసమే. వారం తిరిగేసరికి వెటకారం పోయి పట్టుదల వచ్చింది. ఎందుకంటే లెక్కలు నిజంగానే కుదురుతున్నాయి. 'జర' అన్న మాట డ్రైవర్ అంటే సీటు మీద నాలుగు వేళ్ల మేర చోటు పుడుతోంది. అదే మాట ఎక్కబోయే మనిషి అంటే ఒక్క వేలు. గట్టిగా అంటే అదీ లేదు, ఉన్నచోటే ఇంకా బిగుసుకుంటున్నారు. బషీరాబాద్ వైపునుంచి వచ్చే కన్నడం మాట్లాడేవాళ్లకు కొంచెం జరగండని వాళ్ల భాషలో 'స్వల్ప సరీరి' అన్నా అవే కొలతలు. చావుకు పోతున్నామని ఎవరైనా చెబితే మాత్రం ఏ మాటా అవసరం లేకుండానే ఒక మనిషి పట్టేంత జాగా తెరుచుకుంటోంది.

ఈ లెక్కకు ఆమె 'జరుగుడు గుణకం' అని పేరు పెట్టింది. పత్రాన్ని ముఖం చిట్లించుకునేంత గంభీరంగా రాసింది. పట్టికలు, గ్రాఫులు, సమీకరణాలు అన్నీ ఉన్నాయి. పరిమితులు అన్న శీర్షిక కింద, కొలతలు తీసుకునే సమయంలో పరిశోధకురాలి ఎడమకాలు పరిశోధకురాలి అధీనంలో లేదని ఒప్పుకుంది. అడుగున ఒక చిన్న గమనిక చేర్చింది: 'కోడిని అర మనిషిగా లెక్కించాం. ఈ విషయంలో కోడి అభిప్రాయం వేరుగా ఉండవచ్చు.' కృతజ్ఞతల్లో, ఈ పరిశోధనకు ఎవరూ డబ్బులివ్వలేదనీ, తామూ అడగలేదనీ, చోటిచ్చినవాళ్లందరికీ నమస్కారాలనీ రాసింది. ఆధారాల జాబితాలో, పెద్ద పెద్ద గ్రంథాల మధ్య, 'మొగులప్ప, ముఖాముఖి సంభాషణ, బ్రేకు వేస్తూ' అని చేర్చి, ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. అది వెనక్కి తిరిగొస్తుందనీ, అప్పుడు ప్రిన్సిపాల్ మొహాన పెట్టి ఊరుకుంటాననీ ఆమె లెక్క.

తిరిగిరాలేదు. ఒక రీసెర్చ్ పత్రికవాళ్లు దాన్ని ఇద్దరు పండితులకు పంపారు. మొదటాయన కొత్తగా ఉంది, అచ్చువేయవచ్చు అన్నాడు. రెండో ఆయన చాలా శ్రద్ధగా చదివి ఒకే ఒక అభ్యంతరం లేవనెత్తాడు. ప్రయోగంలో జీవజంతువును వాడారు కాబట్టి జంతు నైతిక కమిటీ అనుమతి జతచేయాలట. కోడి యజమాని సమ్మతి కూడా ఉండాలట.

ఆ ఉత్తరం చదివి జ్యోతిరాణి స్టాఫ్‌రూములో టీ ఒలకబోసుకుంది. కెమిస్ట్రీ డేవిడ్ సారుకు చూపిస్తే ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. పాండురంగం సారు మాత్రం నవ్వలేదు. కాగితం రెండుసార్లు చదివి, న్యాయమే కదా అన్నారు. మన కాలేజీలో ఇలాంటి కమిటీ లేకపోవడం లోపమేనని, అరగంటలో ఒకటి వేసేశారు. అధ్యక్షులు తానే. సభ్యులు డేవిడ్ సారు, లైబ్రేరియన్ రచన. జువాలజీ డిపార్ట్‌మెంటు కాలేజీలో లేదు, రచన ఇంట్లో పిల్లి ఉంది.

ఆ శనివారం కమిటీ మొత్తం మొగులప్ప ఆటోలోనే పెద్దేముల్ వెళ్లింది. జంగమ్మ వాకిట్లో చింతపండు ఒలుస్తోంది. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న మనుషులు ఫైలుతో సహా దిగేసరికి ఆమె లేచి నిలబడింది. ఆటోలో కోడిని తెచ్చినందుకు కేసు పెట్టడానికి వచ్చారనుకుని, కోడికి వేరే కిరాయి అడగలేదని, అడిగితే ఇచ్చేదాన్నేనని ముందుగానే చెప్పుకుంది. అదేం కాదని జ్యోతిరాణి సర్దిచెప్పింది. పాండురంగం సారు వచ్చిన పని వివరించి, ఆ కోడిని ఒకసారి చూడాలన్నారు.

జంగమ్మ చింతపండు కింద పెట్టింది.

"పోయిన ఐతారం మా అల్లుడొచ్చిండు సారు" అంది.

కమిటీకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక పాండురంగం సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫైలు తెరిచి, 'పరిశోధనలో పాల్గొన్న ప్రాణి, పరిశోధనతో సంబంధం లేని కారణాల వల్ల మరణించినది' అని రాశారు. ఇప్పుడు సమ్మతి ఎవరివ్వాలన్నది సమస్య. జంగమ్మకు మనుషుల పరేషాన్ చూసి జాలేసింది. పెరట్లోంచి ఇంకో కోడిని పట్టుకొచ్చి, ఇది దాని చెల్లెలే, ఒక పొదుగులవే అంది. పాండురంగం సారు దాన్ని పరిశీలనగా చూసి, రక్తసంబంధం ఉంది కాబట్టి సరిపోతుందన్నారు. ఆ కోడి సమక్షంలో జంగమ్మ సంతకం చేసింది. రచన సాక్షి సంతకం పెట్టింది. డేవిడ్ సారు అప్పటికే ఆటో వెనక్కి వెళ్లి నిలబడ్డాడు, ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పత్రం అచ్చయింది. ఎవరు పంపారో గానీ అది ఫోన్లలో తిరిగింది. వారంలోపు తాండూరు ఆటో స్టాండులో మొగులప్ప పేరు మారుమోగింది. అతనికి చదువు రాదు. బిడ్డ ప్రణవి ఇంటర్ చదువుతోంది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ముక్క ముక్కగా విడదీసి చదివి వినిపించింది. తన 'జర'కు నాలుగు వేళ్ల బలం ఉందని పుస్తకంలో పడిందన్న సంగతి అతన్ని వేరే మనిషిని చేసేసింది. అంతకుముందు ఊరికే అనే మాటను ఇప్పుడు గొంతు సవరించుకుని అనేవాడు.

మిగతా డ్రైవర్లకు ఇది మింగుడుపడలేదు. మా 'జర'కు ఏం తక్కువని ముందు గొణిగారు, తర్వాత మమ్మల్నీ కొలవాలని పట్టుబట్టారు. ఆదివారం పొద్దున జ్యోతిరాణి తలుపు తీసేసరికి ఇంటి ముందు ఆటోలు బారుగా నిలబడి ఉన్నాయి. బాల్‌రాజ్ అవి ఇంటి పక్కనే ఉన్న తన మందుల షాపుకొచ్చిన గిరాకీ అనుకుని ఉత్సాహంగా షట్టరు లేపాడు. ఆమె ఎంత చెప్పినా వినకపోయేసరికి టేపు తీసుకుని ఒక్కొక్కరి ఆటోలో ఎక్కింది. ధారూర్ వైపు నడిపే ఒకతనికి రెండు వేళ్లే వచ్చాయి. ఆ రోజు ఎక్కినవాళ్లు లావుపాటి మనుషులనీ, మళ్లీ కొలవాలనీ అతను తగాదా పెట్టుకున్నాడు. మళ్లీ కొలిస్తే ఒకటిన్నరే వచ్చింది. అతను సాయంత్రం దాకా తిండి తినలేదని తర్వాత తెలిసి జ్యోతిరాణి బాధపడింది. సరదాకు రాసిన మాట మనుషుల పరువు దాకా పోతుందని ఆమె ఊహించలేదు.

అప్పటినుంచి ఆమెకు భయం పట్టుకుంది. తనిఖీ బృందం ఆ పత్రం చూస్తే కాలేజీ నవ్వులపాలవుతుంది, తన ఉద్యోగమూ పోవచ్చు. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, దాన్ని జాబితాలోంచి తీసేయమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయారు. మిగతా లెక్చరర్లెవరి పత్రాలూ అచ్చు కాలేదు. కాలేజీకి ఉన్న పరిశోధన అంతా అదే.

బృందం చలికాలంలో వచ్చింది. తాండూరులో సరైన బస లేదని వికారాబాద్‌లో అనంతగిరి గుట్ట మీద గెస్ట్‌హౌసులో దింపారు. బృందానికి పెద్ద, కలబురగినుంచి వచ్చిన ప్రొఫెసర్ చంద్రకాంత్. రాళ్ల శాస్త్రం చదివిన మనిషి, రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నారు. కాలేజీలో ఆయన ల్యాబు చూశారు, లైబ్రరీ చూశారు, టాయిలెట్లు చూశారు. ఎక్కడా ఏమీ అనలేదు. చివరికి సంచిలోంచి జ్యోతిరాణి పత్రం ప్రింటు తీసి బల్లమీద పెట్టారు. దానినిండా ఎర్ర పెన్ను గీతలున్నాయి.

"ఈ ప్రయోగం నేను చూడాలమ్మా" అన్నారు.

పాండురంగం సారు ఇలాంటి క్షణం కోసమే బతుకుతున్న మనిషిలా లేచారు. పది నిమిషాల్లో మొగులప్ప ఆటోను కాలేజీ గ్రౌండులోకి తెప్పించారు. ఎన్‌సీసీ పిల్లల్ని వరుసగా ఎక్కించారు. అందరూ వీపులు నిటారుగా పెట్టి కూర్చున్నారు. మొగులప్ప ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గొంతు సవరించుకుని, జర జరుగుండ్రి అన్నాడు. ఎవరూ జరగలేదు. మళ్లీ అన్నాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంతే. ప్రొఫెసర్ చంద్రకాంత్ వంగి టేపు పెట్టి చూశారు. సున్నా.

మొగులప్ప మొహం పాలిపోయింది. పాండురంగం సారు పిల్లలకు సైగలు చేస్తున్నారు. ఇక్కడితో అయిపోయింది, ఊరుకుంటే పత్రం తప్పని రాసుకుని వెళ్లిపోతారు, తన పాత ఉద్యోగం తనకుంటుంది అని జ్యోతిరాణి ఒక్క క్షణం అనుకుంది. కానీ మొగులప్పను అట్లా చూడలేకపోయింది. పైగా తను కొలిచింది అబద్ధం కాదు. ఆమె ముందుకొచ్చింది.

"సార్, గిది నిలవడ్డ ఆటో. ఎటు పోని ఆటోల ఎవ్వరు జరగరు. అందరికి ఇంటికి పోవాలని ఉంటెనే జరుగుతరు" అంది.

ప్రొఫెసర్ చంద్రకాంత్ టేపు చుట్టి చేతిలో పట్టుకున్నారు. అయితే పోదాం పదండి అన్నారు. ఎక్కడికని పాండురంగం సారు అడిగితే, వీళ్లు ఎక్కడికి పోతే అక్కడికి అన్నారు.

పిల్లల్ని దింపేసి, ఆటోను స్టాండుకు తీసుకెళ్లి మామూలు ప్రయాణికుల్ని ఎక్కించుకున్నారు. ప్రొఫెసర్ వెనక సీటులో మధ్యన, ఆయన పక్కన జ్యోతిరాణి, ఎదురుగా చెక్కమీద మోకాళ్లు ఆయన మోకాళ్లకు తగిలేలా పాండురంగం సారు. ఒక ముసలమ్మ, చీపురు కట్టలు, నాపరాయి పాలిష్ పట్టే యూనిట్లలోంచి పని దిగిన ఇద్దరు, తెల్లటి రాతిపొడి జుట్టుతో. ఊరు దాటేలోపు మొగులప్ప రెండుసార్లు జర జరుగుండ్రి అన్నాడు. ప్రొఫెసర్ రెండుసార్లూ జరిగారు. మూడోసారి బ్రేకు పడ్డప్పుడు, పసిపిల్లతో ఒకామె నిలబడి ఉంటే, మొగులప్ప నోరు తెరవకముందే 'స్వల్ప సరీరి' అని ఆయనే అన్నారు. పిల్ల ఆయన ఒళ్లోకి వచ్చింది. టేపు ఎవరి కిందికో పోయింది, మళ్లీ దొరకలేదు.

రాతిపొడి జుట్టువాళ్లను చూస్తూ ఆయన ఒక మాట అడిగారు. ఇది ఎగతాళికి రాసిందేనా అని. తప్పించుకునే దారి లేదు, మెడ తిప్పే దారి కూడా లేదు. జ్యోతిరాణి ఉన్నది చెప్పేసింది.

"నవ్వులాటకే రాసిన సార్. కని లెక్కలు మాత్రం నిజమే."

ఆయన ఒళ్లోని పిల్ల ఆయన పెన్ను లాక్కుంది. ఆయన దానికి వదిలేశారు. తర్వాత, పక్కనున్నవాళ్లకు వినపడని గొంతుతో, తన థీసిస్ సంగతి చెప్పారు. కాగ్నా వాగు వెంట తిరిగి రాళ్లు ఏరి రాసిందట. నమూనాలకు నంబర్లు వేయడం విసుగనిపించి మేనమామల పేర్లు పెట్టారట. ఏ ఒత్తిడికీ పగలని గట్టి రాయికి, ఎప్పుడూ ఎవరికీ ఏదీ ఇవ్వని పెద్దమామ పేరు. పైకి గట్టిగా ఉండి లోపల డొల్లగా ఉన్నదానికి రెండో మామ పేరు. ముగ్గురు పరీక్షకులు దాన్ని చూశారు, డాక్టరేటు ఇచ్చారు. ఎవరైనా అడుగుతారని ఆయన అప్పటినుంచి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పెద్దేముల్‌లో దిగాక ఆయన నడుము పట్టుకుని కాసేపు నిలబడ్డారు. మొగులప్పకు చెయ్యి కలిపారు. తిరిగి వెళ్లడానికి మాత్రం కాలేజీ కారు తెప్పించమన్నారు.

కాలేజీకి పోయినసారి వచ్చిన గ్రేడే మళ్లీ వచ్చింది. నివేదికలో లైబ్రరీ బాగాలేదని, టాయిలెట్లకు నీళ్లు లేవని రాశారు. పరిశోధన అన్నచోట మాత్రం 'ఇక్కడ పరిశోధన ప్రాణంతో ఉన్నది' అని ఒక్క వాక్యం. పాండురంగం సారు ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి గేటు దగ్గర తగిలించారు. అంతటితో ఆగలేదు. వచ్చే ఏడాదినుంచి ప్రతి పత్రంలోనూ కనీసం ఒక హాస్యోక్తి ఉండాలని, దాన్ని వారం ముందుగా తనకు చూపి ఆమోదం పొందాలని సర్క్యులర్ ఇచ్చారు. కామర్స్ డిపార్ట్‌మెంటువాళ్లు హాస్యం తమ సబ్జెక్టుకు వర్తించదని మినహాయింపు కోరారు. డేవిడ్ సారు ఒక జోకు సమర్పిస్తే, ఆధారాలు జతచేయలేదని తిప్పి పంపారు. జ్యోతిరాణి తన వంతు ఏమీ ఇవ్వలేదు. అడిగితే రాస్తున్నానంది.

నిజానికి ఆమె ఇంకో పనిమీద ఉంది. రచనకు చెప్పి, ఎక్కడెక్కడో కబుర్లు పెట్టించి, ప్రొఫెసర్ చంద్రకాంత్ థీసిస్ స్కాన్ కాపీ తెప్పించింది. సంక్రాంతి సెలవుల ముందు ఖాళీ పీరియడ్లలో లైబ్రరీలో కూర్చుని, రాళ్ల గురించి తనకేమీ తెలియకపోయినా, మొదటి పేజీనుంచి చదువుకుంటూ పోయింది. పెద్దమామ దొరికాడు, డొల్లమామ దొరికాడు. మూడో మామ ఒక పట్టికలో అడ్డంగా పడి ఉన్నాడు. చివరి అధ్యాయంలో, ఆయన ఆటోలో చెప్పని నాలుగో రాయి ఒకటి కనబడింది. అన్నిటికంటే మెత్తటిది. గోటితో గీస్తే గీత పడుతుంది, రెండు చుక్కలు నీళ్లు పోస్తే విడిపోతుంది. దానికి పెట్టిన పేరు చంద్రకాంత్. పక్కన, పరిశీలన జరిపిన కాలం అన్న గడిలో 'పెళ్లి తర్వాత' అని ఉంది.

జ్యోతిరాణి లైబ్రరీలో పైకే నవ్వింది. చదువుకుంటున్న పిల్లలు తలలెత్తారు. రచన దగ్గరికొచ్చి చూసి, రాళ్ల ఫోటోలు తప్ప ఏమీ కనబడక వెళ్లిపోయింది.

ఆ ప్రింటు కాగితాలతోనే బయటికొచ్చి ఆయనకు ఫోన్ చేసింది. నాలుగో రాయి దొరికింది సార్ అని చెప్పింది. ఆయన ఎన్నో పేజీ అని అడిగారు. చెప్పింది. సరేనమ్మా, సంతోషం అని పెట్టేశారు.

ఆమె మెట్లు దిగుతుండగా ఫోన్ మళ్లీ మోగింది.

"ఆ పట్టిక ఒకసారి పైకి చదువమ్మా. స్పీకర్ పెడతాను, మా ఆవిడ ఇక్కడే ఉంది" అన్నారాయన.

జ్యోతిరాణి మెట్టు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.